పాత కూలెంటుకు కొత్త ప్రాణం

2008 జనవరిలో ఒక ఆదివారం పొద్దున పిస్కాటవే నుంచి బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాం. బయట మైనస్ పది డిగ్రీల చలి. వెనక సీట్లో ఎనిమిది నెలల పాప. 287 ఎక్కి అయిదారు మైళ్ళు పోయినా హీటర్లోంచి చల్లగాలే వస్తోంది. ఇంజను వేడి చూపించే ముల్లు మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. "ఏవండీ, పాప చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. స్వామి ఎక్కడికీ పోడు, వెనక్కి తిప్పండి" అంది మా ఆవిడ. తిప్పేశాను.

ఇంటికొచ్చి, ఇంజను చల్లారాక రేడియేటర్ మూత తీసి చూశాను. ఆకుపచ్చగా ఉండాల్సిన కూలెంటు చింతపండు పులుసులా ఉంది. నా గుండె గతుక్కుమంది. ఎందుకంటే ఆ కూలెంటు పోసింది నేనే. దాన్ని తయారు చేసిందీ నేనే.

ఇంత చెప్పాక అసలు కథ మొదటినుంచీ చెప్పాలి. పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టే నాకు కూలెంటు తయారీతో పనేమిటని మీరు అడగొచ్చు. మాకు తెలిసిన పెద్దాయన ఒకరు దగ్గర్లోనే చిన్న గరాజు నడుపుతుండేవారు. గుంటూరు వైపు మనిషి. అందరం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. 2006లో ఆయన వాడేసిన కూలెంటును శుద్ధిచేసే యంత్రం ఒకటి కొన్నారు. దాని మాన్యువల్ చదివిపెట్టమని నన్ను పిలిచారు. చదివాను. ఆ తరవాత శనివారాలు పోయి నడపడం మొదలెట్టాను. జీతం భత్యం లేని కొలువు. మధ్యాహ్నం పిన్నిగారి చేతి పప్పూ అన్నం మాత్రం గిట్టుబాటయ్యేది. ఆ శనివారాల్లో నేర్చుకున్నదీ, ఆ జనవరి తరవాత నేర్చుకున్నదీ ఈ వ్యాసంలో చెబుతాను.

నీళ్ళు పోస్తే చాలదా?

మన ఊళ్ళలో అంబాసిడర్ కారుకీ లారీకీ రేడియేటర్లో బోరు నీళ్ళు పోసేవాళ్ళు. ఎండాకాలం ఘాట్ రోడ్డు పక్కన బానెట్ పైకెత్తి, గుడ్డ చుట్టిన చేత్తో రేడియేటర్ మూత తిప్పుతున్న డ్రైవర్ని చూడనివాళ్ళు మనలో తక్కువ. నిజానికి వేడిని మోసుకుపోవడంలో నీళ్ళని మించినది దొరకడం కష్టం. అయితే నీళ్ళకి మూడు అవలక్షణాలున్నాయి. సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇనుముని తుప్పు పట్టిస్తాయి.

మొదటిది న్యూజెర్సీలో ప్రాణాంతకం. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి పోత ఇనుముతో చేసిన ఇంజను కూడా పగులుతుంది. అందుకే నీళ్ళలో ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. 1850లలో వుర్ట్జ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మొదటిసారి తయారుచేసిన పదార్థం ఇది. నీళ్ళూ గ్లైకాలూ సగం సగం కలిపితే ఆ మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మామూలు పీడనంలో దాని మరుగు స్థానం 107 డిగ్రీల దాకా పోతుంది. రేడియేటర్ మూత పెట్టే 15 పౌండ్ల అదనపు పీడనం కూడా తోడైతే 129 దాకా పోతుంది. (ఈ వ్యాసంలో వేడి లెక్కలన్నీ సెల్సియస్‌లోనే. ఫారన్‌హీట్ అయితే ఆ మాట చెబుతాను.)

ఇక్కడో తమాషా ఉంది. గ్లైకాల్ మంచిదని నీళ్ళు లేకుండా పోస్తే అది మైనస్ 13కే గడ్డకడుతుంది! డెబ్భై శాతం దాటాక గ్లైకాల్ ఎక్కువైన కొద్దీ చలికి తట్టుకునే శక్తి తగ్గుతుంది. పైగా వేడిని మోసే శక్తీ తగ్గుతుంది. కాబట్టి సగం సగం అనేది ఎవరో సౌకర్యం కోసం పెట్టిన లెక్క కాదు.

మూడో అవలక్షణానికి మందు గ్లైకాల్ దగ్గర లేదు. తుప్పు పట్టకుండా కాపాడేవి సిలికేట్లు, ఫాస్ఫేట్లు, కొన్ని సేంద్రియ ఆమ్లాల లవణాలు. మొత్తం ద్రవంలో వీటి పాలు చాలా తక్కువ, పప్పులో తాలింపంత. ఈ తాలింపు మాట గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కూలెంటు ఎందుకు పాడవుతుంది?

గ్లైకాల్ అరిగిపోయే వస్తువు కాదు. కానీ ఏళ్ళ తరబడి వేడిలో, లోపల చేరిన గాలితో కలిసి తిరిగితే అందులో కొంత భాగం పులుస్తుంది. పాలు పులిస్తే లాక్టిక్ ఆమ్లం వచ్చినట్టే, గ్లైకాల్ ఆక్సీకరణం చెందితే గ్లైకాలిక్, ఫార్మిక్ ఆమ్లాలు వస్తాయి. తాలింపులో ఉన్న క్షారగుణం ఈ ఆమ్లాలను ఎప్పటికప్పుడు విరిచేస్తూ, తాను ఖర్చయిపోతుంది. అది అయిపోయిన రోజునుంచీ ఆమ్లం లోహాలమీద పడుతుంది. రాగికి చిలుము పడుతుంది, ఇనుముకి తుప్పు, అల్యూమినియానికి తెల్లటి జిగురు. పాతకాలం రాగి, ఇత్తడి రేడియేటర్లలో టంకం పెట్టిన చోట్లనుంచి సీసం కూడా కరిగి కూలెంటులో కలుస్తుంది.

దీనికితోడు హెడ్ గాస్కెట్ కారితే ఇంజనాయిలు, కుళాయి నీళ్ళు పోస్తే కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు చేరతాయి. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే పొర ఇంజను లోపలి గోడలకి కడితే వేడి బయటికి పోదు.

అంటే డ్రమ్ములోకి వచ్చే పాత కూలెంటులో ఉన్నవి ఇవీ: మంచి నీళ్ళు, మంచి గ్లైకాలు, అయిపోయిన తాలింపు, ఆమ్లాలు, లోహాలు, నూనె. మొదటి రెండిటినీ కాపాడుకుని మిగతావాటిని వదిలించుకోవడమే రీసైక్లింగు. దాని తరవాత కొత్త తాలింపు వెయ్యాలి.

ఈవింగ్ గరాజులో జరిగిన పరీక్ష

ఈ పని గురించి మన పక్కనే ఒక పాత చరిత్ర ఉంది. పిస్కాటవే నుంచి సుమారు ముప్ఫై మైళ్ళ దూరంలో, ట్రెంటన్ పక్కన ఈవింగ్ అనే ఊరుంది. అక్కడ న్యూజెర్సీ రవాణా శాఖవారి గరాజు ఉంది. 1990ల మొదట్లో అమెరికా పర్యావరణ సంస్థ, అంటే ఈపీయే, ఇలాంటి గరాజులో కార్ల కూలెంటునీ, పెద్ద ట్రక్కుల కూలెంటునీ అక్కడికక్కడే శుద్ధిచేసి తిరిగి వాడుకోవచ్చా అని పరీక్ష చేయించింది. పరీక్షించిన పద్ధతులు రెండు. ఒకటి వడపోసి రసాయనాలు కలపడం. రెండోది బట్టీ పట్టడం, అంటే స్వేదనం. అడిగిన ప్రశ్నలు మూడు. వచ్చిన సరుకు నాణ్యంగా ఉందా? పారబోసే చెత్త తగ్గిందా? డబ్బు గిట్టుబాటు అవుతుందా?

నాకు ఆ మూడు ప్రశ్నల వరస నచ్చింది. నాణ్యం మొదట వస్తుంది. సరుకు మంచిది కాకపోతే చెత్త తగ్గడానికీ డబ్బు మిగలడానికీ అర్థం లేదు.

వడపోతకీ బట్టీకీ తేడా ఏమిటో చూద్దాం. వడపోత సులువు, చవక, తొందరగా అవుతుంది. కానీ వడగుడ్డ ఆపేది కరగని నలుసులను. నీళ్ళలో కరిగిపోయిన క్లోరైడు, ఆమ్లం వడపోతలో ఆగవు. ఉప్పునీళ్ళను ఎంత మంచి గుడ్డలో వడగట్టినా ఉప్పగానే ఉంటాయి కదా! అలాంటి కరిగిన లవణాలను తీయడానికి అయాన్ మార్పిడి రెజిన్లు, రివర్స్ ఆస్మోసిస్ పొరలు వాడే యంత్రాలూ ఉన్నాయి. మా బాబాయ్ కొన్నది బట్టీ రకం.

బట్టీ ఎలా పనిచేస్తుంది?

సారా బట్టీ గురించి విననివాళ్ళుండరు. ఇదీ ఆ సూత్రమే. కుండలో పులిసినదాన్ని కాస్తే, తేలిగ్గా ఆవిరయ్యేది పైకి పోయి చల్లబడి గిన్నెలో పడుతుంది. ఆవిరి కానిది మడ్డిగా అడుగున మిగులుతుంది. ఇక్కడ ముందు నీళ్ళు వస్తాయి, తరవాత గ్లైకాల్ వస్తుంది. లోహాలు, లవణాలు, పాత తాలింపు, బరువు నూనెలు అడుగున ఉండిపోతాయి.

చిక్కంతా గ్లైకాల్‌తోనే. దాని మరుగు స్థానం 197 డిగ్రీలు. అంత వేడిచేస్తే గ్లైకాలే కొంత చెడుతుంది, కరెంటు ఖర్చూ ఎక్కువే. దీనికి ఉపాయం శూన్యం. పీడనం తగ్గిస్తే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. కొండల మీద అన్నం ఉడకదనడానికి కారణం అదే. వాక్యూం గేజీ 26 అంగుళాలు చూపిస్తే లోపల మిగిలిన పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం. ఆ పీడనంలో గ్లైకాల్ 140 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది. యాభై డిగ్రీలకు పైగా ఆదా అన్నమాట.

నడిపే తీరు

మా యంత్రంలో ఒక్కో వాయికి 15 గ్యాలన్లు పట్టేది. ఒక వాయి దిగడానికి రాత్రంతా పట్టేది. శనివారం పొద్దున నిన్నటి వాయి దించడం, సాయంత్రం కొత్త వాయి ఎక్కించడం నా పని. ఏ యంత్రానికైనా దాని మాన్యువలే ప్రమాణం. అయినా అన్నిటికీ వర్తించే మెట్లు ఇవి.

1. వచ్చిన సరుకును చూడడం. ఇది చాలామంది తొందరలో దాటేసే మెట్టు. పెట్రోలు వాసన వచ్చినా, బ్రేకులు కడిగే సాల్వెంటు కలిసిందని అనుమానం వచ్చినా ఆ డ్రమ్ము బట్టీ దగ్గరికే రాకూడదు. పెట్రోలు ఆవిరి, కింద వేడి చేసే కాయిల్, ఈ రెండూ ఒకచోట ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా అలాంటివి గ్లైకాల్ కంటే ముందే ఆవిరై మంచి సరుకులో కలుస్తాయి. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన కూలెంటును కూడా వేరే డ్రమ్ములో పెట్టాలి. దాని మరుగు స్థానం 188. ఇథిలీన్ గ్లైకాల్‌కి అంత దగ్గరగా ఉన్నదాన్ని చిన్న బట్టీ విడదీయలేదు.

2. తేర్చడం. డ్రమ్మును ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, బురద అడుక్కి పోతుంది. పైన నూనె తీసేసి, మధ్యలో ఉన్నదాన్ని జల్లెడ గుండా యంత్రంలోకి తోడాలి. నూనె ఎక్కువ ఉంటే మరిగేటప్పుడు పాలు పొంగినట్టు పొంగి, మురికి కూడా ఆవిరితోపాటు అవతలికి పోతుంది.

3. నీళ్ళు తీయడం. వేడి 105 దాటాక మరగడం మొదలవుతుంది. నీళ్ళు పోతున్న కొద్దీ మిగిలినదాంట్లో గ్లైకాల్ పాలు పెరిగి, ఉష్ణోగ్రత మెల్లిగా పైకి పాకుతుంది. కండెన్సర్ చల్లగా ఉందో లేదో చూస్తూ ఉండాలి.

4. వాక్యూం పెట్టడం. నీళ్ళు చాలావరకు పోయాక పంపు నడుస్తుంది. వాక్యూం ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా పెరగాలి, లేకపోతే పొంగుతుంది. గేజీ ముల్లు చేరాల్సిన చోటికి చేరకపోతే ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. ముందు మూత కింద రబ్బరు గాస్కెట్ చూడండి. మాకు పదింట తొమ్మిదిసార్లు అదే.

5. చల్లార్చడం. వాయి అయిపోగానే మూత తీయకూడదు. లోపల ఉన్నది 140 డిగ్రీల గ్లైకాల్. అది గాలితో కలిస్తే అంటుకునే ప్రమాదం ఉంది. దాని ఫ్లాష్ పాయింటు 111 డిగ్రీలే. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు లేకుండా యంత్రం దగ్గరికి పోవద్దు.

6. కలపడం, కొలవడం. దిగిన సరుకు నీళ్ళలా తేటగా ఉండాలి. రంగు కనిపిస్తే పొంగిందని అర్థం, మళ్ళీ బట్టీకే. తేటగా ఉంటే బాగా కలియబెట్టాలి. గ్లైకాల్ నీళ్ళకంటే బరువు. ముందు దిగిన నీళ్ళు పైన, తరవాత దిగిన గ్లైకాల్ అడుగున ఉంటాయి. కలపకుండా పైనుంచి నమూనా తీసి కొలిస్తే గ్లైకాల్ లేదనే చెబుతుంది. మొదటి వాయికి నేను అలాగే మోసపోయాను. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ వాడాలి. రెండు చుక్కలు అద్దం మీద వేసి వెలుతురుకేసి చూస్తే గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ఇథిలీన్‌కీ ప్రొపిలీన్‌కీ స్కేళ్ళు వేరువేరు, చూసుకోండి.

లెక్క కూడా చెబుతాను. 14 గ్యాలన్లు దిగింది, కొలిస్తే గ్లైకాల్ 42 శాతం ఉంది అనుకుందాం. అంటే గ్లైకాల్ 5.88 గ్యాలన్లు. యాభై శాతానికి రావాలంటే ఎంత కొత్త గ్లైకాల్ కలపాలి? కలిపేది ఎక్స్ అనుకుంటే, 5.88కి ఎక్స్ కలిపితే వచ్చేది, 14కి ఎక్స్ కలిపితే వచ్చేదాంట్లో సగం కావాలి. ఎక్స్ 2.24 గ్యాలన్లు. అదే 55 శాతం ఉంటే 1.4 గ్యాలన్ల డిస్టిల్డ్ వాటర్ కలిపితే సరి. కుళాయి నీళ్ళు మాత్రం వద్దు. రాత్రంతా కష్టపడి తీసేసిన క్లోరైడునీ కాల్షియాన్నీ మనమే మళ్ళీ పోసినట్టవుతుంది.

7. తాలింపు. తుప్పు నిరోధకాల మిశ్రమాన్ని, అమ్మినవాళ్ళు చెప్పిన పాళ్ళలో కొలిచి పోయాలి. రంగు కూడా ఇందులోనే ఉంటుంది. ఏ రకం కారుకి ఏ రకం తాలింపో చూసుకోవాలి. పాత ఆకుపచ్చ రకాల్లో సిలికేట్లు ఉండేవి. జనరల్ మోటార్స్ వారు 1990ల నడుమ సేంద్రియ ఆమ్లాల రకాన్ని నారింజ రంగులో తెచ్చారు. జపాన్ కార్లలో ఎక్కువగా సిలికేట్లు లేని ఫాస్ఫేట్ రకం వాడతారు. పెద్ద డీజిల్ ట్రక్కులకు నైట్రైట్ వంటివి కూడా కావాలి. అయితే రంగును చూసి రకాన్ని పోల్చుకోవద్దు. రంగుకు ఎవరూ ప్రమాణం పెట్టలేదు.

8. పరీక్ష, పద్దు. పీహెచ్ కాగితం ముంచి చూడాలి. కార్ల కూలెంటుకు ఏఎస్‌టీఎమ్ డీ3306 అనే ప్రమాణం 7.5 నుంచి 11 దాకా ఒప్పుకుంటుంది. ఆ తరవాత పద్దు పుస్తకంలో వాయి నంబరు, తేదీ, గ్లైకాల్ శాతం, పీహెచ్, ఎంత తాలింపు పోశామో, ఏ కారుకి వాడామో రాయాలి.

నేను దాటేసిన మెట్టు

2007 ఏప్రిల్లో ఒక శనివారం. ఆరో మెట్టు పూర్తయింది. రిఫ్రాక్టోమీటర్ మైనస్ 34 ఫారన్‌హీట్ చూపించింది. అంతకంటే ఏం కావాలి? సరిగ్గా అప్పుడే ఆఫీసునుంచి ఫోను. రాత్రి ప్రొడక్షన్‌లోకి పోయిన కోడు పడిపోయింది, వెంటనే లాగిన్ అవమన్నారు. మూలనున్న కొత్త కూలెంటు డబ్బాలో మిగిలినది కాస్త ఈ డ్రమ్ములో గుమ్మరించాను, ఖాళీ డబ్బా అడ్డం తీసేద్దామని. దాంతో సరుకు లేత ఆకుపచ్చ రంగు తిరిగింది. తాలింపు తరవాత వేద్దామనుకుని ఇంటికి పరుగెత్తాను. మరుసటి శనివారం వచ్చేసరికి డ్రమ్ము ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. తాలింపు వేశాననే అనుకున్నాను. నా కారుకి పోసుకున్నాను. మిగిలింది షెల్ఫు మీద పెట్టాను.

తొమ్మిది నెలల తరవాత, ఆ గుడి ప్రయాణం మర్నాడు, ఒక సీసాలో ఆ చింతపండు పులుసు పట్టుకుని బాబాయ్ దగ్గరికి పోయాను. ఆయన కాగితం ముంచారు. పీహెచ్ ఆరు. హీటర్ కోర్ విప్పితే సన్నటి గొట్టాల నిండా తెల్లటి జిగురు, తుప్పు రజను. ఇంజనులో పెద్ద దారులు తెరిచే ఉన్నాయి కాబట్టి ముల్లు మామూలుగా ఉంది. సన్నదారులు ముందు మూసుకుపోయాయి కాబట్టి హీటర్ చచ్చింది.

నేనేదో సంజాయిషీ మొదలెట్టాను, చూడ్డానికి అద్దంలా ఉందని. "అద్దంలా ఉంటే అందులో మొహం చూసుకోవాలోయ్, కారులో పోయకూడదు" అన్నారు బాబాయ్. అంతవరకే కోప్పడ్డారు. తరవాత అడిగిన ప్రశ్న నన్ను కుంగదీసింది. "సరే, నీ కారు సంగతి తరవాత. ఆ డ్రమ్ము ఇంకా ఎవరెవరికి పోశాం?"

పుస్తకం తీశాం. ఆ వాయి నంబరు ఎదురుగా తాలింపు గడి ఖాళీ, పీహెచ్ గడి ఖాళీ. రెండూ నా చేతిరాతలో రాయాల్సినవి. అదే నంబరు ఇంకో మూడు కార్ల ఎదురుగా ఉంది. వాటిలో ఒకటి రాత్రి షిఫ్టులకు పోయే ఒక నర్సమ్మగారిది. ఆ సాయంత్రమే బాబాయ్ ముగ్గురికీ ఫోను చేశారు. "మేం పోసిన కూలెంటులో లోపం ఉంది. రేపే తీసుకురండి, ఉచితంగా కడిగి కొత్తది పోస్తాం" అని ఉన్నదున్నట్టు చెప్పారు. దాచిపెట్టి ఏదో ఉచిత సర్వీసు అని పిలవచ్చు కదా అన్నాను నేను. ఆయన నావైపు ఒకసారి చూసి మళ్ళీ డయల్ చేసుకున్నారు.

రెండు కార్లు బాగానే ఉన్నాయి. మూడోదాని వాటర్ పంపు కారడం మొదలైంది. ఆ ఖర్చు నేను పెట్టుకుంటానని పట్టుబట్టాను. ఆయన సగానికి ఒప్పుకున్నారు. "గడులు ఖాళీగా ఉన్నాయని నేనూ చూడలేదు కదా" అన్నారు.

మన వృత్తిలో ఇది కొత్త సంగతి కాదు. కంపైల్ అయినంత మాత్రాన ప్రోగ్రాం సరైనది కాదని మనం జూనియర్లకు రోజూ చెబుతాం. కానీ పద్దు పుస్తకం లేకపోతే ఆ మూడు కార్లూ మాకు దొరికేవి కావు. ఆ తరవాత బాబాయ్ ఒక నియమం పెట్టారు. పీహెచ్ కాగితాన్ని పుస్తకంలో ఆ వరస పక్కనే అంటించాలి. అంటించని డ్రమ్ముకు కుళాయి బిగించకూడదు.

ఇంకోమాట. పీహెచ్ కాగితం, రిఫ్రాక్టోమీటర్ అవసరమే గాని, అవే సరిపోవు. తాలింపు నిజంగా పనిచేస్తుందా అని తేల్చే పరీక్ష ఏఎస్‌టీఎమ్ డీ1384. రాగి, టంకం, ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము, అల్యూమినియం ముక్కలను కూలెంటులో ముంచి, గాలి బుడగలు పంపుతూ, 88 డిగ్రీల దగ్గర 336 గంటలు, అంటే రెండు వారాలు ఉంచుతారు. తరవాత ఒక్కో ముక్క ఎంత బరువు తగ్గిందో తూస్తారు. ఇది చిన్న గరాజులో అయ్యే పని కాదు. అందుకే తాలింపు కొనేటప్పుడు, ఈ పరీక్ష చేయించిన ఫలితాలు చూపించమని అమ్మేవాణ్ణి అడగాలి.

మడ్డి ఎక్కడికి పోతుంది?

బట్టీ దేన్నీ మాయం చేయదు. 15 గ్యాలన్లలో పరుచుకుని ఉన్న సీసం, నూనె, లవణాలు ఇప్పుడు అడుగున నల్లటి మడ్డిలో చిక్కగా చేరాయి. పాత కూలెంటు పేరు అమెరికా ప్రభుత్వంవారి ప్రమాదకర వ్యర్థాల జాబితాలో నేరుగా లేదు. కానీ వారు చెప్పిన పద్ధతిలో పరీక్షించినప్పుడు లీటరుకు 5 మిల్లీగ్రాములు, లేదా అంతకు మించి సీసం తేలితే, అది ప్రమాదకర వ్యర్థమే. కూలెంటు ఆ గీత దాటకపోయినా దాని మడ్డి దాటవచ్చు. కాబట్టి మడ్డిని చెత్తడబ్బాలో వెయ్యకూడదు. వేరే డ్రమ్ములో పెట్టి, పరీక్ష చేయించి, లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. అన్నట్టు, మడ్డిని గోరువెచ్చగా ఉన్నప్పుడే దించాలి. పూర్తిగా చల్లారితే బెల్లం పాకంలా బిగుసుకుంటుంది.

రోడ్డు పక్క జాలీలో పోస్తే ఏమవుతుంది? ఆ జాలీల నీళ్ళు శుద్ధి కర్మాగారానికి పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. అవి నేరుగా వాగుల్లోకి పోతాయి. పిస్కాటవేలో నెల్సన్ చెరువు గుండా పోయే ఆంబ్రోజ్ వాగు గ్రీన్ వాగులో కలుస్తుంది, అది రారిటన్ నదిలో కలుస్తుంది. గ్లైకాల్ నీళ్ళలో త్వరగానే కుళ్ళిపోతుంది. కానీ దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్ళలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి. అప్పుడు చేపలకు ఊపిరాడదు.

తియ్యటి విషం

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు, చిన్నపిల్లలు దానికి ఆశపడేది అందుకే. ఒంట్లోకి పోయాక కాలేయం దాన్ని గ్లైకాలిక్ ఆమ్లంగా, చివరికి ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. మొదట్లో తాగినవాడిలా తూలడం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. అందుకని లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు ఉంది, కానీ వేళకు అందాలి. అమెరికాలో ఎక్కడినుంచైనా విష సమాచార కేంద్రం నంబరు 1-800-222-1222. ఫ్రిజ్ మీద అంటించుకోండి.

2012 చివర్లో అమెరికా కూలెంటు తయారీదారులు దుకాణాల్లో అమ్మే సరుకులో చేదు పదార్థం కలపడానికి ఒప్పుకున్నారు. మంచిదే. కానీ బట్టీ నడిపేవాళ్ళు ఒకటి గమనించాలి. ఆ చేదు ఆవిరయ్యే రకం కాదు, లవణం. అది మడ్డితోపాటు అడుగునే ఉండిపోతుంది. దిగిన సరుకు మళ్ళీ తియ్యగా ఉంటుంది. చేదును కూడా తాలింపుతోపాటు తిరిగి వెయ్యాలి.

ఇంటి దగ్గర మనం చేయగలిగింది

యంత్రం కొనమని నేను మీకు చెప్పడం లేదు. మీ గరాజులో మీరే కూలెంటు మార్చుకుంటే, పాతదాన్ని మూత ఉన్న డబ్బాలో పట్టండి. కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పట్టకండి. ఇంజనాయిలుతో కలపకండి. పైన పేరు రాయండి. కౌంటీవారు ఇళ్ళలోని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజులు ప్రకటిస్తుంటారు, అప్పుడు ఇచ్చేయండి.

ఏ గరాజులోనైనా రీసైకిల్ చేసిన కూలెంటు పోస్తామంటే భయపడకండి. సరిగ్గా చేస్తే అది కొత్తదానికి తీసిపోదు. గ్లైకాల్ అణువుకు కొత్తా పాతా లేదు. కానీ రెండు ప్రశ్నలు అడగండి. మా కారు తయారీదారు చెప్పిన రకం తాలింపేనా? ఈ వాయి పీహెచ్ ఎంత? పుస్తకం తీసి చూపిస్తే ధైర్యంగా పోయించుకోండి. "చూడండి సార్, ఎంత తేటగా ఉందో" అని సీసా ఎత్తి చూపిస్తే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

బాబాయ్ ఆ గరాజు అమ్మేసి విశ్రాంతి తీసుకుని చాలా ఏళ్ళయింది. ఆ రోజు వెనక సీట్లో చలికి వణికిన మా పాప డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది. దాని కారుకి కూలెంటు మార్చిన రోజున పీహెచ్ కాగితం దాని చేతికే ఇచ్చాను. ముంచి, రంగు చూసి, "ఎయిట్ పాయింట్ ఫైవ్, నాన్నా" అంది. రాసిపెట్టమన్నాను.